ప్లేటు ఎక్కడ, స్లైడు ఎక్కడ

పాడి బర్రెకు పొదుగు వాచిందని కబురొస్తే పశువుల డాక్టరు తేల్చుకోవలసినవి రెండు: మందు ఎక్కించాలా వద్దా, ఎక్కిస్తే ఏ మందు. రెండూ కొట్టంలో నిలబడి అప్పటికప్పుడు తేల్చాలి. పొదుగు గట్టిపడిందని చేతికి తెలుస్తుంది. పాలు విరిగినట్టు తెల్లటి ముక్కలు పడటం కంటికి కనిపిస్తుంది. జ్వరం సంగతి థర్మామీటర్ చెబుతుంది. ఈ గుర్తులన్నీ జబ్బు ఉందనే చెబుతాయి, జబ్బు తెచ్చిందెవరో చెప్పవు. స్టెఫిలోకాకస్ ఆరియస్ అయినా, స్ట్రెప్టోకాకస్ అయినా, పేడలోంచి చేరిన ఈ-కోలై అయినా పొదుగు వాపు చూడ్డానికి దాదాపు ఒకేలా ఉంటుంది. చికిత్స మాత్రం మూడింటికీ మూడు రకాలు. ఈ తేడా చెప్పేవాళ్ళు దగ్గర్లో లేనప్పుడు డాక్టరు అన్నింటికీ పనికొస్తుందనుకున్న బలమైన మందు, చాలాసార్లు సెఫ్ట్రియాక్సోన్ లాంటిది, వాడతాడు. అతన్ని తప్పుపట్టలేం. తెలియని శత్రువు మీద పెద్ద ఆయుధం తీయడం తెలివితక్కువతనం కాదు. కాని అదే మందు మనుషుల ఆసుపత్రుల్లో న్యుమోనియాకూ, మెదడు పొరల వాపుకూ వాడేది. దాన్ని అవసరం లేని చోట వాడిన ప్రతిసారీ, దానికి లొంగని సూక్ష్మజీవులు బతికి బట్టకట్టడానికి ఒక అవకాశం ఇచ్చినట్టే.

పాల శాంపిల్ లాబొరేటరీకి పంపించవచ్చు కదా అంటారు. పంపవచ్చు. భద్రాచలం అవతల, గోదావరి ఎడమ గట్టున, ఛత్తీస్‌గఢ్ సరిహద్దుకు ఆనుకుని ఉన్న చర్లలో బయల్దేరిన శాంపిల్ ఖమ్మం చేరాలంటే భద్రాచలం, కొత్తగూడెం మీదుగా సుమారు 180 కిలోమీటర్లు పోవాలి. హైదరాబాద్ అంటే భద్రాచలం నుంచే 300 కిలోమీటర్ల పైమాట. దారిపొడవునా అది ఐసులో ఉండాలి. లేకపోతే పాలలో పొరపాటున పడిన రెండు మూడు పేడ సూక్ష్మజీవులు దారిలోనే లక్షలై, అసలు దోషిని కప్పేస్తాయి. 2014లో ఆంధ్రప్రదేశ్‌లో కలిసిన చింతూరు, కూనవరం, వి.ఆర్.పురం, ఎటపాక మండలాల పరిస్థితి ఇంకా చిక్కు. వాళ్ళకు దగ్గరి పట్నం భద్రాచలమే, అది పక్క రాష్ట్రంలో ఉంది. ఇన్ని దాటుకుని శాంపిల్ లాబ్‌కు చేరి, అక్కడ పెరిగి, పేరు తేలి, రిపోర్టు తిరిగొచ్చేసరికి మూడు రోజుల మందుల కోర్సు ముగిసి ఉంటుంది. ఆ రిపోర్టు ఎంత ఖచ్చితంగా ఉన్నా, అది జరిగిపోయిన చికిత్స గురించే మాట్లాడుతుంది.

నా వాదన ఇది. పరీక్ష విలువ అది సూక్ష్మజీవికి ఎంత పూర్తి పేరు పెడుతుందన్న దానిలో లేదు, ఏ నిర్ణయాన్ని మారుస్తుంది, ఆ నిర్ణయం తీసుకునే వేళకు అందుతుందా అన్న దానిలో ఉంది. వారం తర్వాత వచ్చే నిండు జవాబు కంటే రేపు పొద్దునకల్లా వచ్చే సగం జవాబు పశువుకు ఎక్కువ మేలు చేస్తుంది. ఆ సగం జవాబును మండల పశువైద్యశాలలోనే, ఒక బల్ల మీద రాబట్టవచ్చు. ఇది వింతేమీ కాదు. బాక్టీరియా శాస్త్రం పుట్టిందే అలాంటి బల్ల మీద. రాబర్ట్ కోచ్ 1872లో వోల్‌స్టైన్ అనే చిన్న ఊరికి జిల్లా వైద్యాధికారిగా వెళ్ళాడు. ఇప్పుడా ఊరు పోలండ్‌లో ఉంది. రోగులను చూసే గదిలోనే ఒక మూలకు తెర కట్టుకుని, ఆ చుట్టుపక్కల పశువులను చంపుతున్న దొమ్మ రోగాన్ని పట్టుకుని కూర్చున్నాడు. ఎద్దు కంటిలోంచి తీసిన నీటి బొట్టులో బాసిల్లస్ ఆంథ్రాసిస్‌ను పెంచి, అది పొడుగు దారాలుగా సాగడం, వాటిలో స్పోర్లు తయారవడం మైక్రోస్కోపు కింద చూశాడు. ఒక సూక్ష్మజీవికీ ఒక జబ్బుకూ ఉన్న ముడిని 1876లో ఆయన అలా రుజువు చేశాడు. యూనివర్సిటీ లేదు, సహాయకులు లేరు, ఉన్నదల్లా పల్లె డాక్టరు గది.

కోచ్‌కు తర్వాత రోజుల్లో ఎదురైన ఒక ఇబ్బంది ఖమ్మం వాళ్ళకు వెంటనే అర్థమవుతుంది. సూక్ష్మజీవులను విడివిడిగా పెంచాలంటే గట్టిగా ఉండే మేత కావాలి. మొదట జెలటిన్ వాడారు. అది 25 డిగ్రీలు దాటగానే మెత్తబడి కారిపోతుంది, పైగా కొన్ని బాక్టీరియా దాన్నే తినేస్తాయి. కోచ్ దగ్గర పనిచేసిన వాల్థర్ హెస్సెకు ఆయన భార్య ఫానీ హెస్సె ఒక సలహా ఇచ్చింది. సముద్రపు నాచు నుంచి తీసే అగర్‌తో ఆమె వంటింట్లో జెల్లీలు చేసేది, ఎండాకాలంలోనూ అవి కరిగేవి కావు. ఆ సంగతి ఆమెకు చెప్పింది జావాలో ఉండి వచ్చిన ఇరుగింటివాళ్ళు. అగర్ ఒకసారి గడ్డకట్టాక 85 డిగ్రీల దాకా వేడెక్కితే తప్ప కరగదు. వేడిదేశం వంటింటి నుంచి వచ్చిన ఈ పదార్థమే 1881 తర్వాత ప్రపంచంలోని లాబులన్నింటికీ ఆధారమైంది. 1887లో యూలియస్ రిచర్డ్ పెట్రి దానికి మూత ఉన్న గాజు పళ్ళెం అమర్చాడు. ఇక్కడ వాడమంటున్న ప్లేటు అదే.

ఆ ప్లేటు మధ్యలో ఒక అడ్డు ఉంటుంది. ఒక సగంలో రక్తం కలిపిన అగర్, రెండో సగంలో మెక్‌కాంకీ అగర్. రక్తం ఉన్న సగంలో పొదుగు వాపు తెచ్చే సూక్ష్మజీవులు దాదాపు అన్నీ పెరుగుతాయి. మెక్‌కాంకీలో పైత్య లవణాలు కలుపుతారు. అవి స్టెఫిలోకాకస్, స్ట్రెప్టోకాకస్ లాంటి, గోడ మందంగా ఉండే గ్రామ్ పాజిటివ్ జాతులను పెరగనివ్వవు, అందుకే అటువైపు పెరిగిందంటే అది ఈ-కోలై లాంటి, గోడ పలచనైన గ్రామ్ నెగటివ్ అన్నమాట. ఈ-కోలై మెక్‌కాంకీలోని లాక్టోజ్‌ను పులియబెట్టి ఆమ్లం చేస్తుంది, ఆ ఆమ్లానికి మేతలోని న్యూట్రల్ రెడ్ అనే రంగు గులాబీగా తిరుగుతుంది. పాల శాంపిల్‌ను 0.01 మిల్లీలీటరు పట్టే చిన్న తీగ లూపుతో రెండు సగాల మీదా గీసి, మూత వేసి, బోర్లించి, 37 డిగ్రీల దగ్గర ఒక రాత్రి ఉంచితే చాలు. పొద్దున మూత తీస్తే ఒక్కో బాక్టీరియా ఒక్కో చుక్కగా, కాలనీగా ఎదిగి కనిపిస్తుంది. లూపులో పట్టింది మిల్లీలీటరులో నూరో వంతు కాబట్టి, ఒక కాలనీ కనిపించిందంటే ఆ పాలలో మిల్లీలీటరుకు సుమారు 100 ఉన్నాయని లెక్క. రక్తం ఉన్న సగంలో కాలనీ చుట్టూ ఎరుపు కరిగి తేటబడి, దాని వెలుపల ఇంకో మసక వలయం ఉంటే స్టెఫిలోకాకస్ ఆరియస్‌ను అనుమానించాలి. అది వదిలే విషాలు ఎర్ర కణాలను పగలగొట్టడం వల్ల ఏర్పడే గుర్తు అది.

అనుమానం తీరకపోతే ఇంకో రెండు చిన్న పరీక్షలున్నాయి. 3 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్కలో కాలనీని కలిపి లూపును మెల్లగా పైకెత్తాలి. గ్రామ్ నెగటివ్ బాక్టీరియాకు గోడ పలచన, క్షారానికి అది పగిలి లోపలి డీఎన్ఏ బయటికి వస్తుంది. ఆ డీఎన్ఏ జిగురుకు లూపు వెంట సెంటీమీటరు పైగా దారం సాగుతుంది. గ్రామ్ పాజిటివ్ గోడ మందం, దారం రాదు. రెండోది, దారం రాని కాలనీలకు, హైడ్రోజన్ పెరాక్సైడ్ చుక్క. కాలనీ మీద బుడగలు లేస్తే స్టెఫిలోకాకస్, లేవకపోతే స్ట్రెప్టోకాకస్. ఇక్కడొక జాగ్రత్త ఉంది. బుడగలు తెప్పించే కాటలేస్ అనే ఎంజైము ఎర్ర కణాల్లోనూ ఉంటుంది కాబట్టి, కాలనీని తీసేటప్పుడు కింది రక్తపు అగర్ గీరుకుని వస్తే స్ట్రెప్టోకాకస్ కూడా బుడగలు తీసినట్టు కనిపిస్తుంది. పశువు దగ్గర చేసే సబ్బు పరీక్షకూ ఈ దారం పరీక్షకూ మూలం ఒకటే కావడం నాకు చాలా అందంగా తోస్తుంది. షాల్మ్, నూర్లాండర్ 1957లో తెచ్చిన కాలిఫోర్నియా మాస్టైటిస్ టెస్టులో డిటర్జెంట్ పోయగానే పాలు జిగటబడేది, వాపుతో పాలలోకి దిగిన పశువు తెల్ల కణాల డీఎన్ఏ వల్లే. 1995లో పాకిస్తాన్‌లోని ఫైసలాబాద్ శాస్త్రజ్ఞులు దీన్నే బట్టల సర్ఫు 3 శాతం ద్రావణంతో చేయవచ్చని చూపించారు. పైకి ఏ గుర్తూ లేని పొదుగు వాపును ఏ రైతయినా ఇంట్లోనే పసిగట్టే మార్గం అది. కాని అది వాపు ఉందని మాత్రమే చెబుతుంది. ఎవరు తెచ్చారో ప్లేటే చెప్పాలి.

ఇంతకీ ఈ జవాబుతో ఏం మారుతుంది? ప్లేటు మీద ఏమీ పెరగకపోవడం అరుదు కాదు. పాలలో ముక్కలు కనిపించేసరికి తెల్ల కణాలు చాలాసార్లు పని ముగించి ఉంటాయి, మిగిలింది వాపే. అప్పుడు యాంటీబయాటిక్ ఎక్కించడం ఖాళీ ఇంటిమీద దాడి. గులాబీ కాలనీలు వచ్చి, పశువు మేత మేస్తూ జ్వరం లేకుండా ఉంటే, ఆ తేలికపాటి ఈ-కోలై వాపు ఎక్కువగా దానంతటదే తగ్గుతుంది. అక్కడ అసలు హాని చేసేది ఆ బాక్టీరియా గోడలోని ఎండోటాక్సిన్, దాన్ని యాంటీబయాటిక్ ఏమీ చేయలేదు. స్ట్రెప్టోకాకస్ అగలాక్టియే అయితే చౌకైన పెన్సిలిన్‌కే చక్కగా లొంగుతుంది, సెఫ్ట్రియాక్సోన్‌తో పని లేదు. స్టెఫిలోకాకస్ ఆరియస్ అయితే కబురు మంచిది కాదు. అది పొదుగు కండలో చిన్న చిన్న చీముగడ్డలు కట్టి దాక్కుంటుంది, చాలా రకాలు పెన్సిలిన్‌ను విరిచే ఎంజైము చేస్తాయి. నాలుగైదు ఈతలు దాటి, ఎన్నాళ్ళనుంచో వాపుతో ఉన్న బర్రెకు ట్యూబు మీద ట్యూబు ఎక్కించడం రైతు డబ్బు పారబోయడమే. దాన్ని అన్నిటికంటే చివర పితకమని, పితికాక చేతులు కడుక్కోమని చెప్పడం అంతకంటే గొప్ప చికిత్స, ఎందుకంటే ఆ సూక్ష్మజీవి ఒక పొదుగు నుంచి ఇంకో పొదుగుకు పోయేది పితికే చేతి మీదుగానే.

దీనికి ఆధారం ఉంది. లాగో, గాడెన్ తదితరులు అమెరికా, కెనడాల్లోని 8 డెయిరీల్లో 422 ఆవుల మీద చేసిన పరీక్ష 2011లో అచ్చయింది. ఒక గుంపుకు పొదుగు వాపు కనిపించగానే మందు, ఇంకో గుంపుకు 24 గంటల ప్లేటు చూసి గ్రామ్ పాజిటివ్ అయితేనే మందు. రెండో గుంపులో యాంటీబయాటిక్ వాడకం సగానికి తగ్గింది. పాలు మామూలు కావడానికి పట్టిన రోజుల్లో, తర్వాతి ఫలితాల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. యూరోపియన్ యూనియన్ పశువులకు అలవాటుగా యాంటీబయాటిక్ వాడటాన్ని 2022 జనవరి 28 నుంచి చట్టంతో ఆపింది, అక్కడి పశువైద్యశాలలు ఇలాంటి ప్లేట్లను మరింత దగ్గరకు తీసుకోవడానికి అదొక కారణం. మన దేశంలో 2019లో కోలిస్టిన్ అనే యాంటీబయాటిక్‌ను పశువులకు నిషేధించారు, పాలలో యాంటీబయాటిక్ అవశేషాలకు ఆహార భద్రతా సంస్థ హద్దులు పెట్టింది. హద్దు పెట్టినంత మాత్రాన వాడకం తగ్గదు. వాడక్కర్లేని సందర్భం ఏదో డాక్టరుకు తెలిసే దారి కావాలి.

అది వందల ఆవుల అమెరికా డెయిరీ, ఇక్కడ వైరా, సత్తుపల్లి, అశ్వారావుపేట వైపు ఇంటికి ఒకటి రెండు ముర్రా గేదెలు, సంకరజాతి ఆవులు, పోలిక ఎక్కడ అని ఎవరైనా అడిగితే ఆ ప్రశ్న న్యాయమైనది. నేను దాన్ని సగం ఒప్పుకుంటాను. అక్కడి కొట్టాల్లో గ్రామ్ నెగటివ్ వాపుల వాటా ఎక్కువ, ఇక్కడ చేత్తో పితికే చోట స్టెఫిలోకాకస్, స్ట్రెప్టోకాకస్ ఎక్కువగా దొరుకుతాయి. కాబట్టి ఇక్కడ వాడకం సరిగ్గా సగానికి తగ్గుతుందని ఎవరూ మాటివ్వకూడదు. కాని లాభం వేరే రూపంలో వస్తుంది. మందు మానేయడంలో కాక, పెద్ద మందు బదులు చిన్న మందు ఎంచుకోవడంలో, నయం కాని వాపును నయం కాదని ముందే తెలుసుకోవడంలో. పైగా ఒక్క గేదె ఉన్న ఇంట్లో ఆ గేదె పాలే నెల ఖర్చు. మందు వేసినన్ని రోజులూ, ఆ పైన అవశేషాలు పోయేదాకా కూడా పాలు అమ్మకూడదు. అక్కర్లేని కోర్సు ఒక్కటి తప్పినా ఆ ఇంటికి అది చిన్న సంగతి కాదు.

రైతు ఒక రాత్రి ఆగడు, సూది వేయకపోతే ఇంకో మనిషిని పిలుస్తాడు అన్నది మరింత గట్టి అభ్యంతరం. నిజమే, కాని ఆగమనడం అంటే చేతులు కట్టుకోమనడం కాదు. మేత మానేసి, చెవులు చల్లబడి, లేవలేక పడిపోయిన పశువుకు ప్లేటుతో పని లేదు, దానికి అప్పుడే సెలైను, సూది అన్నీ పడాలి. మిగతావాటికి మొదటి రోజు నొప్పి, వాపు తగ్గే మెలాక్సికామ్ ఇవ్వవచ్చు, పొదుగు ఖాళీ అయ్యేలా పితకమనవచ్చు. జాతీయ పాడిపరిశ్రమాభివృద్ధి సంస్థ ప్రచారం చేస్తున్న కలబంద, పసుపు, సున్నం నూరిన పూత చాలా ఊళ్ళలో వాడుకలో ఉంది. 250 గ్రాముల కలబంద, 50 గ్రాముల పసుపు, 15 గ్రాముల సున్నం దాని పాళ్ళు. దాని శక్తి మీద అభిప్రాయాలు ఎలా ఉన్నా, ఆ ఒక్క రాత్రికి రైతు చేతిలో చేయడానికి ఒక పని ఉంటుంది. డాక్టరు చెప్పవలసిన మాట కూడా సూటిగా ఉంటుంది: ‘ఈ రోజు నొప్పికి మందు ఇస్తున్నా. రేపు పొద్దున్నే ఫోన్ చేసి ఏ సూది కావాలో, అసలు కావాలో లేదో చెబుతా.’ ఆ ఫోన్ వెళ్ళకపోతే ఈ పద్ధతి కూలిపోతుంది, కూలడమే న్యాయం.

శాంపిల్ పాడైతే ప్లేటు అబద్ధం చెబుతుంది. ఇది అభ్యంతరం కాదు, హెచ్చరిక. పొదుగు తడిగా ఉంటే ముందు ఆరబెట్టాలి. మొదటి రెండు మూడు ధారలు వదిలేయాలి. 70 శాతం స్పిరిట్‌లో ముంచిన దూదితో చన్ను కొనను, దూది తెల్లగా వచ్చేదాకా తుడవాలి. అవతలి చన్నులు ముందు తుడిచి, ఇవతలివి తర్వాత తుడవాలి. శాంపిల్ పట్టేటప్పుడు మాత్రం ఇవతలివి ముందు, అవతలివి తర్వాత, లేకపోతే తుడిచిన చన్ను మీద మోచేయి రాసుకుంటుంది. సీసా నిటారుగా పడితే గాలిలో ఎగిరే గడ్డి నలుసు అందులో పడుతుంది, అందుకని వంచి పట్టాలి. మర్నాడు ప్లేటు మీద మూడు, అంతకు మించి రకాల కాలనీలు కనిపిస్తే అది పేడ చదివిన ప్లేటు. దాన్ని పక్కన పెట్టి మళ్ళీ శాంపిల్ తీయాలి, ఊహించి పేరు పెట్టకూడదు. స్టెఫిలోకాకస్ ఆరియస్ కొన్ని రోజులు పాలలోకి దిగి, కొన్ని రోజులు దిగదు కాబట్టి, ఒక్క ప్లేటు ఖాళీగా ఉందని దాన్ని నిర్దోషిగా వదిలేయడమూ తగదు.

ఇంతవరకూ చెప్పింది ఖమ్మం వైపు, పాలు అమ్ముకునే ఊళ్ళ సంగతి. కొత్తగూడెం దాటి, కిన్నెరసాని అడవి పక్కగా గోదావరి దాటి దుమ్ముగూడెం, చర్ల చేరేసరికి ప్రశ్నే మారిపోతుంది. చాలా కోయ గూడేల్లో ఆవును పాల కోసం పెంచడం ఆనవాయితీ కాదు, పాలు దూడవి. పశువు ఉండేది దుక్కికీ, పేడకూ. అడవిలో తిరిగి మేసే ఆ మందలను చంపేవి వేరే జబ్బులు: తొలకరి వానలతో వచ్చే గొంతువాపు, వయసు మీదున్న దిట్టమైన పశువులను పట్టే జబ్బవాపు, అప్పుడప్పుడు దొమ్మ. గొంతువాపు తెచ్చే పాశ్చరెల్లా మల్టోసిడా ఒక పశువును రోజులోపు చంపగలదు. రేపటి ప్లేటు అక్కడ ఆలస్యమే. పాల కేసులు తక్కువ కాబట్టి రక్తం కలిపిన ప్లేట్లు కొన్ని వారాలకే పాడై చెత్తబుట్టకు పోతాయి. అక్కడ ప్లేటు పెట్టమనడం నా వాదనకే విరుద్ధం, ఎందుకంటే అది ఏ నిర్ణయాన్నీ మార్చదు. అక్కడ కావలసింది గాజు స్లైడు, మైక్రోస్కోపు, నీలిరంగు సీసా.

చావబోతున్న లేదా అప్పుడే చచ్చిన పశువు రక్తపు బొట్టును స్లైడు మీద పలచగా పరిచి, ఆరబెట్టి, మిథిలీన్ బ్లూతోనో లీష్మన్ రంగుతోనో ముంచితే, గొంతువాపు సూక్ష్మజీవులు రెండు కొనల్లో రంగు పట్టి మధ్యలో ఖాళీగా కనిపిస్తాయి. పది, పదిహేను నిమిషాల పని. జబ్బు మొదట్లో రక్తంలో అవి కనిపించకపోవచ్చు, కాబట్టి కనిపించలేదంటే గొంతువాపు కాదని అర్థం కాదు. కాని ఒక శవం స్లైడులో కనిపించాయంటే ఆ మందలో జ్వరం ఉన్న ప్రతి పశువుకూ ఆ గంటలోనే సూది పడాలి, పక్క గూడేలకు టీకా బండి కదలాలి. స్లైడు మార్చే నిర్ణయం ఒక్క పశువుది కాదు, మందది. జబ్బవాపు విషయంలో మాత్రం ఆసుపత్రిలో ఏ పరీక్షా పెట్టుకోవద్దు. దాని క్లాస్ట్రీడియం గాలి తగలని చోటే పెరుగుతుంది. తొడ మీద నొక్కితే గరగరమనే వాపే డాక్టరుకు చాలు.

దొమ్మ సంగతి ఆగి చెప్పుకోవాలి. పక్కనే ఉన్న ఒడిశాలోని కోరాపుట్ ప్రాంతంలో ఇది మళ్ళీ మళ్ళీ తలెత్తే జబ్బు, పశువులూ అడవీ రాష్ట్రాల గీతను చూసుకోవు. చచ్చిన పశువు ముక్కులోంచి, ఆసనంలోంచి గడ్డకట్టని నల్లటి రక్తం కారితే కత్తి ముట్టకూడదు. కోస్తే గాలి తగిలి బాక్టీరియా స్పోర్లుగా మారుతుంది, ఆ నేలలో అవి దశాబ్దాల పాటు బతుకుతాయి. మాంసం పంచుకునే అలవాటున్న చోట కోసిన చేతుల మీదే నల్లటి పుండ్లు లేస్తాయి. ఇక్కడ పరీక్ష అంటే చెవి నరం నుంచి చిన్న బొట్టు, దాన్ని స్లైడు మీద పరిచి పాలిక్రోమ్ మిథిలీన్ బ్లూ వేయడం. కొనలు చెక్కినట్టు చతురస్రంగా ఉన్న నీలి కడ్డీలు, వాటి చుట్టూ గులాబీ పొర. 1903లో మక్‌ఫేడియన్ వర్ణించిన ఈ గుర్తునే ఇప్పటికీ వాడుతున్నారు. అది కనిపించిన క్షణం ఆ బల్ల మీద పని ఆగిపోవాలి. ప్లేటు మీద పెంచే ప్రయత్నం చేయకూడదు, శవపరీక్ష చేయకూడదు. కళేబరాన్ని కాల్చడమో లోతుగా పూడ్చడమో జరగాలి, పక్క ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి ఆ రోజే కబురు వెళ్ళాలి. ఆ మాంసం తిన్నవాళ్ళు, కోసినవాళ్ళు ఎవరో తెలిసేది గూడెంలోనే, వాళ్ళకు సకాలంలో మందు అందితే ప్రాణాలు నిలుస్తాయి. హైదరాబాద్‌లోని పెద్ద లాబ్ దాన్ని నిర్ధారించే నాటికి ఈ పనులన్నీ అయిపోయి ఉండాలి.

లాబొరేటరీ నిపుణులు లేవనెత్తే ప్రశ్న ఇక్కడే వస్తుంది: శిక్షణ లేని చేతుల్లో ఇవన్నీ పెడితే తప్పుడు జవాబులు, ప్రమాదాలు రావా? హద్దులు గీయకపోతే వస్తాయి. మొదటి హద్దు, ఏ మందుకు లొంగుతుందో చూసే డిస్క్ పరీక్ష మండల ఆసుపత్రిలో వద్దు. బవర్, కర్బీ 1966లో ఆ పద్ధతికి గట్టి కొలతలు పెట్టింది ఊరికే కాదు. మేత మందం, బాక్టీరియా సాంద్రత ఏ మాత్రం అటూ ఇటూ అయినా డిస్క్ చుట్టూ ఉండే ఖాళీ వలయం వెడల్పుకు అర్థం ఉండదు. అర్థం లేని అంకె డాక్టరుకు అర్థం లేని ధైర్యం ఇస్తుంది. ఆ పని జిల్లా లాబ్‌దే. రెండో హద్దు, ఈసుకుపోయిన పశువు మాయలో బ్రూసెల్లా ఉండవచ్చు, దాన్ని ప్లేటు మీద పెంచడం మనుషులకే ముప్పు. దానికి రక్తపు సీరం ఒక చుక్క, రోజ్ బెంగాల్ యాంటిజెన్ ఒక చుక్క కలిపి నాలుగు నిమిషాలు చూసే పరీక్ష ఉంది, అది చాలు. ఇక శిక్షణ మాటకొస్తే, ప్లేటు చదవడం సంవత్సరాల విద్య కాదు. కాని చదివేవాళ్ళ చూపు పక్కదారి పడుతోందా అని ఎవరో ఒకరు సరిచూస్తుండాలి. నెలకు కొన్ని శాంపిళ్ళు రెండు సీసాల్లో తీసి, ఒకటి రాజేంద్రనగర్‌లోని పి.వి.నరసింహారావు పశువైద్య విశ్వవిద్యాలయానికో జిల్లా లాబ్‌కో పంపి జవాబులు పోల్చుకోవాలి. ఆసుపత్రి బల్ల పెద్ద లాబ్‌ను తీసేయదు, దాని దగ్గరికి ఏది పంపాలో ఏరుతుంది.

ఎండ సంగతి పైకి చిన్నదిగా కనిపిస్తుంది, కాని నా మటుకు నాకు ఇదే అన్నింటికంటే మొండి చిక్కు. పుస్తకాలన్నీ ఇంక్యుబేటర్ గదికంటే వేడిగా ఉండాలనే రాస్తాయి. మే నెలలో కొత్తగూడెం, భద్రాచలం ఎండ 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి, రేకుల గదిలో అంతకంటే ఎక్కువ. మామూలు ఇంక్యుబేటర్ వేడిచేయగలదు గాని చల్లార్చలేదు. 37కు పెట్టిన పెట్టె 43 చూపిస్తుంటే ఈ-కోలై పెరగవచ్చు, మిగతావి మందగించవచ్చు, రంగులూ వలయాలూ పుస్తకంలో ఉన్నట్టు రాకపోవచ్చు. కాబట్టి వేసవిలో ఆ పెట్టె టీకాల ఫ్రిజ్ ఉన్న చల్లని గదిలో ఉండాలి, పగలు కాక సాయంత్రం ప్లేటు పెట్టి తెల్లవారి తీయాలి, థర్మామీటర్ అంకెను రెండు పూటలా రాయాలి. అంకె 40 దాటిన రాత్రి ప్లేటును లెక్కలోకి తీసుకోకూడదు. చలికాలంలో కరెంటు పోతే థర్మోకోల్ పెట్టె కొన్ని గంటలు వేడి నిలుపుతుంది. వాడిన ప్లేట్లను చెత్తలో పారేయకుండా, వంటింటి ప్రెషర్ కుక్కర్‌లో పడేసి అరగంట ఆవిరి పట్టించాలి. అందులో ఒత్తిడి పెరిగినప్పుడు నీరు 121 డిగ్రీల దగ్గర మరుగుతుంది, అదే ఆటోక్లేవ్ చేసే పని. ఆ కుక్కర్ మళ్ళీ వంటకు వాడకూడదని వేరే చెప్పక్కర్లేదు.

ఇవన్నీ ఎవరు చేస్తారన్నది చివరికి మిగిలే ప్రశ్న. టీకాలు, కృత్రిమ గర్భధారణ, పథకాల లెక్కలతో పశువైద్యుడికి తీరిక లేదన్నది నిజం. గీయడం, తీయడం, కుక్కర్‌లో వేయడం శిక్షణ పొందిన సహాయకుడో, ఊళ్ళో పశువుల పనులు చూసే గోపాలమిత్రో చేయవచ్చు. చూసి నిర్ణయం చెప్పేది మాత్రం డాక్టరే. దీనికి ఒక రిజిస్టర్ పెట్టాలి, అందులో మామూలుగా ఉండని ఒక గడి ఉండాలి: ప్లేటు చూడకముందు డాక్టరు వేయాలనుకున్న మందు. పక్క గడిలో చూశాక వేసిన మందు. ఏడాది తిరిగాక ఆ రెండు గడులూ పక్కపక్కన పెట్టి చదవాలి. వైరాలోనో సత్తుపల్లిలోనో వాటిలో తేడా ఉంటే ప్లేట్లకు డబ్బు అడగడానికి అంతకు మించిన రుజువు అక్కర్లేదు. ప్రతి వరుసలోనూ రెండు గడుల్లో ఒకే మందు రాసి ఉంటే, అక్కడ ప్లేటు పరీక్ష పేరుతో తంతు నడుస్తోందన్నమాట. ఆ ఇంక్యుబేటర్‌ను కట్టేసి ఆ డబ్బుతో చర్లకు మంచి మైక్రోస్కోపు కొనాలి.